దారం ఎక్కని సూది

వారపత్రికవాళ్ళు ప్రపంచాన్ని మారుస్తున్న నూరుగురు మహిళలంటూ ఎనిమిది పేజీల నిండా ఫొటోలు వేశారు. కళ్ళజోడు తుడుచుకుని మొదటి ఫొటో నుంచి చివరిదాకా ఒక్కొక్కరినీ చూశాను. ఒకామె దేశాన్ని ఏలుతోంది. ఒకామె రాకెట్లు పంపుతోంది. ఒకామె సముద్రం అడుగున ఏదో కనిపెట్టింది. తొంభైతొమ్మిది మందిని నేనెరగను. నలభై ఒకటో ఆమెను మాత్రం ఎరుగుదును. మా పెద్దాసుపత్రిని నడిపే పెద్ద డాక్టరమ్మ. గుండెకు చిల్లుతో పుట్టిన పసివాళ్ళకు వేలకొద్దీ ఆపరేషన్లు చేసిందని రాశారు. చేసింది, అబద్ధం కాదు. మా వీధిలోనే ఇద్దరు పిల్లలు ఆమె చేతి చలవ వల్ల నా కిటికీ ముందు బంతాట ఆడి నా ప్రాణం తీస్తున్నారు.

కానీ ఆ పేజీల్లో నేను వెతికిన మొహం వేరు. ఆమె కూడా ఆ ఆసుపత్రిలోనే పనిచేస్తుంది, డాక్టరమ్మ గదికి ఆరు అంతస్తుల దిగువన, నేల కింద. ఆమెను వదిలేశారు కాబట్టి నేను రాస్తున్నాను. వేస్తే వేస్తారు, లేకపోతే లేదు.

మా వీధిలో ఆమె పేరు లాండ్రీ అక్క. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది గనుక నన్ను పెద్దమ్మా అంటుంది. మాది ఒకే భవనం. నేను కింది వాటా, ఆమె మూడో అంతస్తు. ఎవరు ఎప్పుడు మెట్లెక్కారో, ఏ మొహంతో దిగారో నాకు తెలియకుండా ఉండదు. తెలుసుకోకపోతే నాకు అన్నం అరగదు. లాండ్రీ అక్క మొగుడు లారీ డ్రైవరు, ఉత్తముడు. ఇంట్లో ఆయన ఏడాది పొడుగునా మాట్లాడే మాటలన్నీ రాసినా నోటుబుక్కు సగం ఖాళీగా మిగులుతుంది. ఆ లోటంతా ఆమే పూడుస్తుంది.

తన పందొమ్మిదో ఏట తల్లికి నడుం పడిపోతే, ఆమె బదులు ఆసుపత్రి లాండ్రీలో చేరింది. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళుగా అక్కడే. పని ఇలా ఉంటుంది. ప్రతి అంతస్తులోనూ గోడకొక రేకు తలుపు ఉంటుంది. వార్డువాళ్ళు మాసిన దుప్పట్లను సంచిలో కుక్కి ఆ తలుపులోంచి తోసేస్తారు. అన్ని అంతస్తులకూ గొట్టం ఒకటే. సంచి దబ్బున నేల కింద గదిలో వచ్చి పడుతుంది. దాన్ని స్టీలు బల్లమీద గుమ్మరించి, ఒక్కో దుప్పటినీ రెండు మూలలా పట్టి దులిపి, రక్తం ఉన్నవి ఒక తొట్టిలో, లేనివి ఒక తొట్టిలో, ఉన్నివి మరో తొట్టిలో వేయాలి. చిరిగినవి పక్కనున్న కుట్టు బల్లకు పంపాలి. దులపడమే అసలు పని. లేకపోతే ఏది మరలో పడి ఏం నాశనమవుతుందో తెలియదు.

దుప్పట్లలోంచి రాలేవి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు, చెంచాలు, ఒకసారి పెళ్ళి ఉంగరం. ఇంకోసారి ఫోను మోగుతూ పడింది. తీసి చెవిన పెట్టుకుంటే అవతల ఎవరో ఇల్లాలు ఏడుస్తోందట.

“మీ ఆయన పైన బాగానే ఉండుంటాడమ్మా, ఫోనే దుప్పటి కప్పుకుని నా దగ్గరికొచ్చింది,” అని చెప్పి, ఐదంతస్తులు ఎక్కి ఇచ్చొచ్చింది. మాసిన బట్టలవాళ్ళు లిఫ్టు ఎక్కకూడదు, మెట్లే గతి.

ఇవన్నీ కాక సూదులు. ఇంజెక్షన్ ఇచ్చి, ఆ సూదిని డబ్బాలో వేయకుండా పక్కమీదే వదిలేస్తారు. అది దుప్పటి మడతలో దాక్కుంటుంది. అలా దొరికినవాటిని లాండ్రీ అక్క పట్టకారుతో తీసి మూతున్న రేకు డబ్బాలో వేస్తుంది. కొత్తగా ఎవరొచ్చినా మొదటి రోజు ఆ డబ్బా చెవి దగ్గర గలగలలాడించి, “విన్నావా? చెయ్యి తర్వాత పెట్టు, ముందు కళ్ళు పెట్టు,” అని చెబుతుంది.

ఆమెకు సంతకం నేర్పింది నేను. నేను చదివింది ఐదో తరగతే, కానీ ఆ ఐదూ గట్టిగా చదివాను. మా వంటింటి బల్లమీద పదకొండు సాయంత్రాలు పట్టింది. చివరి అక్షరం తోక కిందికి లాగమంటే పైకి లాగేది. “ఇలాగే బావుంది, ఎగురుతున్నట్టుంది,” అని వాదించింది. సరే అన్నాను. సంతకంతో పాటు ఒక మాట కూడా నేర్పాను. చదవనిదాని కింద పెట్టకు. చదవడం రాకపోతే నా దగ్గరికి తే.

ఆ మాటే ఇంత పని చేసింది.

పత్రికలో ఫొటో వచ్చిన వారంలోనే ఆసుపత్రివాళ్ళు పెద్ద డాక్టరమ్మకు సన్మానం పెట్టుకున్నారు. గురువారం మధ్యాహ్నం మూడింటికి. మంగళవారం పొద్దున కింద లాండ్రీలో ఇంకోటి జరిగింది. మూడు వారాల క్రితమే చేరిన ఒకామె ఉంది, అందరూ కొత్తమ్మ అంటారు. ఒళ్ళో ఎనిమిది నెలల బిడ్డ. కుట్టుపనికీ దులిపే పనికీ రెండింటికీ తీసుకున్నారు. దుప్పటి దులపబోతే చేతి తొడుగును చీల్చుకుని బొటనవేలి కింద సూది దిగింది. లాండ్రీ అక్క ఆ చేతిని కొళాయి కింద పట్టి, సూదిని డబ్బాలో వేసి, కొత్తమ్మను పట్టుకుని అత్యవసర విభాగానికి పరిగెత్తింది. అక్కడి నర్సమ్మ మంచిది. ఏ రోగి రక్తమో తెలియదు కాబట్టి మందులు వెంటనే మొదలుపెట్టాలంది. రెండు రోజుల మాత్రలు చేతిలో పెట్టింది.

“మొత్తం ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆర్నెల్లు రక్తపరీక్షలు. బిడ్డకు పాలివ్వడం మానెయ్. కానీ మిగతా మాత్రలు నేనివ్వలేను. ఇది ఇక్కడి పనిలో అయిన గాయమని మీ విభాగం నుంచి కాగితం రావాలి,” అంది.

కాగితం వచ్చింది. లాండ్రీ సూపర్‌వైజరు మధ్యాహ్నానికల్లా తయారుచేసి తెచ్చాడు. సాక్షిగా లాండ్రీ అక్క సంతకం పెట్టాలి, ఎందుకంటే అక్కడ సీనియరు ఆమే.

“నాలుగు లైన్లే కదమ్మా, పెట్టెయ్.”

“నాలుగు లైన్లే అయితే చదివి వినిపించండి సార్.”

ఆయన గడగడా చదివాడు. పని చేస్తుండగా చేతికి సూది గుచ్చుకుంది, అంతే.

“బావుంది. ఇంట్లో ఇంకోసారి చదివించుకుని రేపు తెస్తాను,” అని మడిచి జేబులో పెట్టుకుంది. ఆయన మొహం గంటుపెట్టుకున్నాడట.

సాయంత్రం ఆ కాగితం నా వంటింటి బల్లమీదకొచ్చింది. నేను మెల్లగా చదువుతాను, కానీ ఏ అక్షరాన్నీ వదిలిపెట్టను. మూడో లైనులో ఆగిపోయాను.

“అమ్మాయ్, ఆయన నీకు చదివినప్పుడు ‘సొంత కుట్టుసూది’ అన్నాడా?”

“లేదే. సూది అన్నాడు.”

“ఇక్కడుంది చూడు. ‘తన అజాగ్రత్త వల్ల తన సొంత కుట్టుసూది గుచ్చుకున్నది, ఇందుకు ఆసుపత్రికి బాధ్యత లేదు.’”

ఆమె కాగితం తన వైపు తిప్పుకుని, ఆ లైను కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ తానే చదివింది. రెండుసార్లు చదివింది. ఆమె మాట్లాడకుండా అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. లారీ డ్రైవరే నయమనిపించింది.

“బాధ్యత లేకపోతే మాత్రలు రావు. అంతేగా పెద్దమ్మా?”

“అంతే.”

“అయితే నా సంతకం కూడా రాదు.”

బుధవారం పొద్దున అదే మాట సూపర్‌వైజరుతో చెప్పింది. ఆయన మంచిమాటలు చెప్పాడు. తర్వాత చెడ్డమాటలు చెప్పాడు. సన్మానం ముందు రోజు ఇలాంటి కాగితం పైకెళ్తే అందరి పరువూ పోతుందన్నాడు. గురువారం మధ్యాహ్నం లోపు సంతకం పడకపోతే శుక్రవారం నుంచి ఆమె రానక్కర్లేదన్నాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం. అంతకన్నా ఆమెను కష్టపెట్టింది కొత్తమ్మే. బాత్రూం గోడకానుకుని ఏడుస్తూ బతిమాలింది.

“పెట్టెయ్ అక్కా. నీ ఉద్యోగం పోతుంది, ఆ తర్వాత నాదీ పోతుంది. మందులదేముంది, ఏదో ఒకటి చూసుకుంటాను.”

“ఏం చూసుకుంటావే? నీ ఉద్యోగం ఉండి నువ్వు లేకపోతే, రేపు నీ బదులు దుప్పట్లు దులపడానికి నీ బిడ్డ రావాలా? మా అమ్మ బదులు నేనొచ్చినట్టు? నోర్మూసుకుని మాత్ర వేసుకో.”

మాత్రలు గురువారం ఉదయంతో అయిపోతాయి. అదీ లెక్క.

గురువారం నాకు మోకాలి నొప్పి వచ్చింది. నా మోకాలి నొప్పి మంచిది, అవసరాన్ని చూసి వస్తుంది. ఓపీ చీటీ రాయించుకుని, అది చేతిలో ఊపుకుంటూ ఎవరూ అడ్డగించని తోవన నేల కిందికి దిగిపోయాను. మధ్యాహ్నం భోజనం డబ్బా మర్చిపోయావమ్మా అనే వంక కూడా చంకలో ఉంది.

ఆ గది నేను చూడటం అదే మొదలు. పొగమంచులాగా ఆవిరి. గోడలు చెమటలు కారుతున్నాయి. మరలు ఊగుతుంటే నేల వణుకుతోంది. ఏడుగురు ఆడవాళ్ళు, ఒక్కొక్కరి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఇస్త్రీ బల్లమీద రోగుల దుప్పట్లు చకచకా మడతలు పడుతున్నాయి. పక్కన చక్రాల బండిలో మాత్రం తెల్లటి గుడ్డలు ముద్దగా, తడిగా, ఎవరూ ముట్టుకోకుండా పడున్నాయి.

“అవేంటి?” అన్నాను. అడగకుండా ఉండలేను.

“కుర్చీ తొడుగులు,” అంది ఇస్త్రీ చేసే ఆవిడ. “రెండొందలు. పైన సభకి. మేం చెయ్యట్లేదు.”

అదీ లాండ్రీ అక్క వేసిన ఎత్తు. రోగులది ఒక్క దుప్పటి ఆపలేదు, ఒక్క దిండు గలీబు ఆలస్యం చెయ్యలేదు. ఆపరేషన్ గదులవి అన్నింటికన్నా ముందు పంపింది. కుర్చీల తొడుగులు మాత్రం ఆపింది. సూపర్‌వైజరు పన్నెండింటికొకసారి, ఒంటిగంటకొకసారి దిగొచ్చి అరిచాడట.

“మూడింటికి సభ పెట్టుకుని ఏంటమ్మా ఈ పెంకితనం!”

“రోగికి చలేస్తుంది సార్. కుర్చీకి వేస్తుందా?”

ఏడుగురూ తలలు దించుకుని నవ్వారట. ఒకరిని పంపేస్తానంటే భయపడేవాళ్ళే. ఏడుగురిని ఒక్క మధ్యాహ్నంలో ఎక్కడని పంపుతాడు?

రెండుగంటల వేళ మెట్లమీద అడుగుల చప్పుడైంది. ముందు సూపర్‌వైజరు, వెనక ఆఫీసువాళ్ళు ఇద్దరు, వాళ్ళ వెనక పెద్ద డాక్టరమ్మ. ఫొటోలో కన్నా పొట్టిగా ఉంది. తెల్లకోటు వేసుకుని ఉంది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి ఆవిరికి కళ్ళు చిట్లించింది. ఇరవై ఏళ్ళుగా ఆ భవనంలో తిరుగుతున్న మనిషి, ఈ గదిలోకి రావడం అదే మొదటిసారని ఆ చూపే చెప్పింది.

“ఏంటమ్మా, కుర్చీలమీద అలిగారట?” అంది. గొంతులో కోపం లేదు, తొందర ఉంది.

“కుర్చీలతో మాకేం పేచీ ఉంటుంది డాక్టరమ్మగారూ. మా పేచీ ఒక కాగితంతో,” అంది లాండ్రీ అక్క.

బల్లమీద శుభ్రమైన తెల్లగుడ్డ పరిచింది. డబ్బా మూత తీసి, పట్టకారుతో మంగళవారం నాటి సూదిని తీసి గుడ్డమీద పెట్టింది. దాన్ని విడిగా చిన్న సీసాలో దాచి ఆ డబ్బాలో ఉంచింది లెండి, మిగతావాటితో కలవనివ్వలేదు. బోలు సూది, దానికి నల్లటి ప్లాస్టిక్ మూతి. పక్కనే కుట్టు బల్లమీది తెల్లదారం ఉండ పెట్టింది. దాని పక్కన కాగితం.

“ఈ కాగితంలో ఇది కుట్టుసూదని రాశారు. దీనికి ఈ దారం ఎక్కించి చూపించండి. ఎక్కితే ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతాను.”

ఆఫీసువాళ్ళిద్దరూ ఒకడుగు వెనక్కి జరిగారు.

“మీరెక్కించండి సార్,” అంది సూపర్‌వైజరు వైపు తిరిగి. “రాసింది మీరేగా. ఏ వైపునుంచైనా సరే.”

“మేడమ్, ఈమె ఎప్పుడూ ఇంతే, ప్రతిదానికీ...” అని ఆయన నసిగాడు.

“దారం తడి చేసుకోండి సార్, తొందరగా ఎక్కుతుంది,” అంది ఇస్త్రీ ఆవిడ వెనక నుంచి.

డాక్టరమ్మ వంగి చూసింది. ఆపరేషన్లు చేసే మనిషికి ఆ సూదేమిటో చెప్పాలా? కళ్ళజోడు తీసింది. మళ్ళీ పెట్టుకుంది.

“గుచ్చుకున్నది ఎవరికి?”

కొత్తమ్మ చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలాగా. బొటనవేలికి కట్టుంది.

“మందులు?”

“పొద్దున్నతో అయిపోయాయండి.”

“ఏ వార్డు సంచిలోంచి వచ్చింది?”

“అదే నాకూ తెలియాలి,” అంది లాండ్రీ అక్క. “పైన ఆరంతస్తులు, గొట్టం ఒకటి. సంచి మీద ఎవరి గుర్తూ ఉండదు. మందు చీటీకి సంతకం ఉంటుంది, కత్తెరకి లెక్క ఉంటుంది, చివరికి మా చీపురుక్కూడా రిజిస్టరుంది. సంచి కట్టినవాళ్ళకి మాత్రం ఏమీ ఉండదు. కట్టేసి తోసేస్తే గొట్టంలో పడేది సంచి కాదమ్మా, మేము.”

డాక్టరమ్మ కలం అడిగింది. బల్లమీదే కాగితం పెట్టి, ఆ మూడో లైను కొట్టేసి, పైన ఏదో రాసి, కింద తన సంతకం చేసింది. “ఇప్పుడు పెడతావా?” అంది.

లాండ్రీ అక్క కాగితం తీసుకుంది. సంతకం పెట్టలేదు. తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

“పెద్దమ్మా, చదువు.”

అప్పటిదాకా నేనక్కడున్నానని వాళ్ళెవరూ గమనించలేదు. గమనించాక కూడా నేనెవరో అడిగే ధైర్యం ఎవరికీ రాలేదు. నేను కళ్ళజోడు తీశాను, తుడిచాను, పెట్టుకున్నాను. ఆవిరికి మళ్ళీ మసకేస్తే మళ్ళీ తుడిచాను. ప్రపంచాన్ని మారుస్తున్న నూరుగురిలో నలభై ఒకటో ఆమె, వాచీ చూసుకుంటూ, నేను కూడబలుక్కునేదాకా మాసిన బట్టల మధ్య నిలబడింది. డాక్టర్ల రాత ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక మాట అర్థం కాక ఆమెనే అడిగాను. “‘వాడిన’ అమ్మా. రోగికి వాడిన సూది,” అని ఆమే చెప్పింది. ఆమెకు ఆ మర్యాద ఉంది, ఒప్పుకోవాలి.

“సరిగ్గానే ఉంది,” అన్నాను.

అప్పుడు పెట్టింది సంతకం, తోక పైకి ఎగరేసి.

“ఇంక తొడుగులు ఇస్త్రీ చేయిస్తారా?” అంది డాక్టరమ్మ.

“ఇంకొక్కటి. సంచి కట్టినవాళ్ళు సంచి మీద సంతకం పెట్టాలి. పెట్టనిది నేను విప్పను.”

“అది పెద్ద విషయం. అన్ని వార్డులతో మాట్లాడాలి. సభ అయ్యాక చూద్దాం.”

“అలాగేనమ్మా,” అంది లాండ్రీ అక్క చేతులు కట్టుకుని. “మేమూ కుర్చీల సంగతి సభ అయ్యాకే చూస్తాం.”

సూపర్‌వైజరు నేలను చూశాడు. ఆఫీసువాళ్ళు పైకప్పును చూశారు. పెద్ద డాక్టరమ్మ తడి తొడుగుల బండిని చూసింది, వాచీ చూసింది, కొత్తమ్మ చేతి కట్టును చూసింది. ఆఫీసతని దగ్గర ఇంకో కాగితం లాక్కుని, నిలబడే రాసింది. అది కూడా నేనే చదివాను. ఈసారి త్వరగానే చదివాను, రాత అలవాటైంది కదా.

మూడింటికి పది నిమిషాల ముందు రెండొందల తొడుగులు వేడివేడిగా పైకెళ్ళాయి. కొత్తమ్మ మందుల గదికి వెళ్ళింది, కాగితం పట్టుకుని, నేను వెంట.

సన్మానం ఫొటో తర్వాతి వారం పత్రికలో వచ్చింది. వేదికమీద డాక్టరమ్మ, వెనక వరసల్లో మల్లెపూవుల్లాంటి తెల్లటి కుర్చీలు. ఆ తెలుపు గురించి ఎవరూ రాయలేదు.

అంతా సుఖాంతం అనుకోకండి. పదిహేను రోజులు తిరక్కుండానే లాండ్రీ అక్కను దులిపే బల్ల దగ్గర్నుంచి తీసి ఇస్త్రీ మర మీద వేశారు. ఆ వేడికి ఒళ్ళు ఉడికిపోతుంది. శిక్ష అని ఎవరూ అనలేదు, ‘మార్పు’ అన్నారు. ఆమె కిక్కురుమనలేదు. అయితే మధ్యాహ్నం భోజనం వేళ గొట్టం దగ్గరికెళ్ళి కూర్చుంటుంది. సంతకం లేని సంచి కనిపిస్తే భుజానేసుకుని మెట్లెక్కి, ఏ వార్డుదైనా సరే, ఆరంతస్తులూ అడుగుతూ పోతుంది. “ఇది మీదా? ఇది మీదా?” అని. మొదటి నెలలో పదిహేడు సంచులు. ఆ తర్వాత తగ్గాయి. వాసన వచ్చే సంచితో ఆమె వార్డు బల్ల ముందు నిలబడితే ఎవరికైనా కలం గుర్తొస్తుంది. రేకు డబ్బా ఇప్పుడు మునుపటిలా నిండట్లేదు. కొత్తగా చేరినవాళ్ళకు వినిపించడానికి పాత సూదులు నాలుగు అందులోనే ఉంచింది.

కొత్తమ్మ ఆర్నెల్ల పరీక్షల కాగితం కూడా నా బల్లమీదకే వచ్చింది. ముగ్గురం కూర్చున్నాం, ఒళ్ళో బిడ్డ. పైనుంచి కిందిదాకా చదివి, ఏమీ లేదన్నాను. కొత్తమ్మ ఏడ్చింది. లాండ్రీ అక్క ఆ కాగితం తీసుకుని తానే చదివింది, వేలు పెట్టి. ఇప్పుడామెకు ఆఫీసు భాష కూడా కొంత వస్తోంది.

ఇది రాశాక పంపేముందు ఆమెకు చదివి వినిపించాను. చదవనిదాని కింద సంతకం పెట్టదు, వినని మాట తన గురించి పోనివ్వదు. రెండు తప్పులు పట్టింది. సూదిని చూసి డాక్టరమ్మ తెల్లబోయిందని మొదట రాశాను.

“తెల్లబోలేదు పెద్దమ్మా. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. చూసిందే రాయి.”

మార్చాను. రెండోది, చివర్లో లాండ్రీ అక్కే నూట ఒకటో ఆమె అంటూ పెద్ద వాక్యం ఒకటి రాసుకున్నాను.

“అది కొట్టెయ్,” అంది.

“ఎందుకే?”

“నూట ఒకటో దాన్నా? మేం ఏడుగురం.”

కొట్టేశాను. అప్పుడు కలం తీసుకుని కింద సంతకం పెట్టింది. తోక పైకే ఉంది. పత్రికవాళ్ళు దాన్ని సరిచేసి కిందికి దించకండి.